డాక్టరు ఎడ్వర్డు జెన్నరు

మన యిండ్లలో ఏబదియేండ్లు దాటిన పెద్దల భుజమును పరికించినచో అందు గుండ్రని మచ్చ యొకటి, కొందఱికి రెండు, కానవచ్చును. అది మశూచికపు టీకా వేసిన గుఱుతు. మా పాఠశాలలో నేడు చదువుకొనుచున్న బాలబాలికలలో నొక్కరికిని ఆ గుఱుతు లేదు. (వారి యెడమ భుజముమీద నుండు చిన్న మచ్చ క్షయవ్యాధి నివారణకై వేసిన టీకాది; అది వేఱు.) తాతల భుజముపై ఆ మచ్చ పుట్టుటకు ఏ మహనీయుడు కారకుడో, మనుమల భుజముపై అది పుట్టవలసిన యవసరము లేకపోవుటకును ఆయనయే కారకుడు. ఆయన పేరు ఎడ్వర్డు జెన్నరు. ఆయన టీకాను కనిపెట్టెనని మాత్రము మన బాలురందఱు నెఱుగుదురు. ఐతే ఆ టీకా అందఱికి వేయవలెనా, కొందఱికి వేసిన చాలునా యను ప్రశ్నయు నాయన కాలముననే పుట్టినది. రెండువందల యేండ్లు గడచినను ఆ ప్రశ్న ముగియలేదు గనుక, దానిని గూడ మేమీ చరిత్రములో చేర్చితిమి.

ఇంగ్లండు దేశమున గ్లాస్టరు మండలములో సెవర్ను నదికి చేరువగా బెర్క్లీ యను చిన్న యూరు గలదు. జెన్నరు ఆ యూర 1749వ సంవత్సరము మే నెల 17వ తేదీన జన్మించెను. తండ్రి ఆ యూరి దేవాలయమున గురువు. తొమ్మండ్రు బిడ్డలలో ఎడ్వర్డు ఎనిమిదవవాడు. ఐదేండ్ల ప్రాయముననే తల్లిని దండ్రిని గూడ గోల్పోయి, తోబుట్టువుల పోషణలో పెరిగెను.

ఆ కాలమున మశూచికమనిన లోకమంతయు వడకుచుండెను. మన దేశమున దానిని పెద్దమ్మవారని పిలిచి, గుమ్మమునకు వేపమండలు కట్టి, పేరెత్తుటకే జంకెడివారు. సోకిన పదుగురిలో ముగ్గురు మరణించుట సామాన్యము. బ్రదికినవారి ముఖము గుంటలుపడును. కొందఱికి కన్నులు పోవును. దీనికి విరుగుడుగా జనులొక సాహసకార్యమును చేయుచుండిరి. వ్యాధి తేలికగా వచ్చిన వాని పొక్కులోని రసిని దీసి, ఆరోగ్యవంతుని చర్మమున గీతపెట్టి అందు చేర్చెడివారు. అట్లు వచ్చిన మశూచికము సాధారణముగా తేలికగా పోయి, మరల జీవితములో రాకుండెడిది. మన వంగదేశమున టీకాదారులు ఈ పని చేయుచుండిరి. టర్కీ దేశమున దీనిని చూచిన మేరీ వర్ట్లీ మాంటేగు దొరసాని 1721లో ఇంగ్లండున ప్రవేశపెట్టెను. ఇందొక పెద్ద లోపము గలదు. ఇచ్చునది నిజమైన మశూచికమే గావున, దానివలన కొందఱు చనిపోవుచుండిరి. అంతకన్న నపాయమేమనగా, అట్టివారి నుండి ఇరుగుపొరుగునకు వ్యాధి అంటుకొనుచుండెను.

ఎనిమిదేండ్ల యనాథబాలుడైన జెన్నరునకు ఈ పాత టీకాయే వేసిరి. వేయుటకు ముందు కొన్ని వారములపాటు విరేచనములిచ్చి, రక్తము తీసి, సరియైన తిండి పెట్టక బాలుని నీరసింపజేసిరి. అటుపిమ్మట టీకా వేసి, అట్టి బాలురతో గూడ గుఱ్ఱపుసాలలో నుంచిరి. వ్యాధి నెమ్మదించువఱకు అక్కడనే యుండవలెను. బాలుడు బ్రదికెను గాని, చిరకాలము నిద్రపట్టక, చిన్న చప్పుడునకే ఉలికిపడుచుండెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. తరువాతి జీవితములో ఆయన చేసిన పనికి ఈ గుఱ్ఱపుసాల యెంతవఱకు కారణమో చెప్పజాలము గాని, మఱచునట్టి యనుభవము మాత్రము కాదు.

చిన్నతనముననే చిప్పింగు సాడ్బరీ యను ఊర ఒక సర్జను నొద్ద శిష్యుడుగా చేరి, 1770లో లండను నగరమునకు పోయి, జాను హంటరు అను ప్రఖ్యాత శస్త్రవైద్యుని యింట నుండి చదువుకొనెను. ఊహలతో కాలము గడపక పరీక్షించి చూడుమని ఆ గురువు శిష్యునకు నేర్పెను. కెప్టెన్ కుక్కు మొదటి నౌకాయాత్రలో తెచ్చిన వస్తుజాలమును వరుసపెట్టుటలో జెన్నరు తోడ్పడెను. రెండవ యాత్రకు రమ్మని యడిగిరి గాని, ఆయన యొల్లక పుట్టినయూరు చేరి వైద్యము ప్రారంభించెను. ఫిడేలు వాయించుట, పద్యములల్లుట, పక్షులను పరికించుట ఆయనకు వినోదములు. మనము కోకిలను పరభృతమందుము. ఆ దేశపు కోకిలజాతి పక్షియు పరుల గూటిలోనే గ్రుడ్డు పెట్టును. గూటిలోని తక్కిన పిల్లలను క్రిందికి ద్రోయునది తల్లికోకిల కాదనియు, కన్నులైన దెఱవని కోకిలపిల్లయే తన వీపు పల్లములో వానినెత్తి ద్రోయుననియు జెన్నరు కనిపెట్టెను. ఈ వ్యాసమునకై 1789లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను. చాలమంది నమ్మలేదు. తరువాతి కాలమున ఛాయాచిత్రములు తీయువఱకు ఆ సందేహము పూర్తిగా తీఱలేదు.

ఇక గోమశూచికము మాట. ఆవుల పొదుగులపై అప్పుడప్పుడు పొక్కులు లేచును. పాలు పిదుకువారి చేతులకు అవి అంటును. కొన్నాళ్లు నొప్పిచేసి పోవును. అట్లంటినవారికి మశూచికము రాదని ఆ ప్రాంతపు పాలికాపులు చెప్పుకొనుచుండిరి. దీనిని నమ్మి బెంజమిను జెస్టీ యను రైతు 1774లోనే తన భార్యకును ఇద్దఱు కుమారులకును ఆవుపొక్కుల రసిని ఎక్కించెను. ఇరుగుపొరుగువారు ఆయనను తూలనాడిరి. కావున మొదట చేసినవాడు జెన్నరు కాడు. పాలికాపుల మాటను ఏండ్లతరబడి విచారించి, ఒక్కొక్కరి చరిత్రమును వ్రాసికొని, పరీక్షించి, లోకమునకు చూపినవాడు జెన్నరు. ఈ భేదమును మా విద్యార్థులు గమనింపవలెను.

1796వ సంవత్సరము మే నెల 14వ తేదీన ఆయన ఆ పరీక్ష చేసెను. సారా నెల్మ్సు అను పాలపడుచు చేతిపై ముల్లు గీచుకొనినచోట పొక్కు లేచియుండెను. ఆమె పిదుకు ఆవు పేరు బ్లాసమ్. ఆ యావు చర్మము నేటికిని లండనులోని సెయింట్ జార్జి వైద్యకళాశాలలో నున్నది. జెన్నరు ఆ పొక్కునుండి రసి తీసి, ఒక కూలివాని కుమారుడైన జేమ్సు ఫిప్పు అను ఎనిమిదేండ్ల బాలుని చేతిపై రెండు చిన్న గాట్లు పెట్టి అందు చేర్చెను. ఏడవనాడు బాలునకు చంకలో నొప్పి తోచెను. తొమ్మిదవనాడు కొంచెము చలి, తలనొప్పి కలిగెను. పదవనాటికి తేఱుకొనెను. జూలై 1వ తేదీన జెన్నరు ఆ బాలునకే నిజమైన మశూచికపు రసిని ఎక్కించి కనిపెట్టుకొనియుండెను. వ్యాధి రాలేదు.

ఇచ్చట మేమొక మాట దాచదలచుకొనలేదు. తన ఊహ తప్పియున్నచో ఆ కూలివాని బిడ్డ గతి యేమయ్యెడిది? ఆ కాలమున పాత టీకా పలువురికి వేయుచునేయుండిరి గావున, అంతకు మించిన యపాయము పెట్టలేదని కొందఱు సమాధానము చెప్పుదురు. అది కొంత నిజమే. తన సొంత కుమారునకును 1789లో పంది మశూచికపు రసిని ఎక్కించి చూచినవాడే జెన్నరు. ఐనను నేటి వైద్యశాస్త్రము అట్టి పరీక్షకు సమ్మతింపదు; సమ్మతింపకుండుటయే మేలని మా యభిప్రాయము. జెన్నరు ఆ బాలుని మఱచిపోలేదు. ఫిప్పు పెరిగి సంసారియైన తరువాత అద్దె లేకుండ ఒక యిల్లు కాపురమునకిచ్చెను.

రాయల్ సొసైటీవారికి పంపిన వ్యాసము తిరిగివచ్చెను. జెన్నరు మఱికొన్ని పరీక్షలు చేసి, 23 ఉదాహరణములతో 1798లో సొంత ఖర్చున చిన్న గ్రంథమును ప్రచురించెను. లండను పోయి కొన్ని నెలలుండినను టీకా వేయించుకొను సాహసికుడు ఆయనకు దొరకలేదు. తరువాత వైద్యులే తొందరపడిరి. మశూచికపు ఆసుపత్రిలో వేసిన టీకాలలో అసలు మశూచికము కలిసిపోయి, కొందఱికి ఒడలెల్ల పొక్కులు లేచెను. తప్పు గోమశూచికముపై పడెను. టీకా వేయించుకొనినవారికి కొమ్ములు మొలచునని చిత్రకారులు పరిహాసచిత్రములు వ్రాసిరి. జెన్నరు ఉత్తరములమీద ఉత్తరములు వ్రాసి, కోరినవారికెల్ల రసి పంపి, వేయు విధానమును నేర్పుచుండెను.

ఈ టీకా యెవరికి? పల్లెటూళ్లలో నాటి వాడుక యొకటి గలదు. పొరుగూరిలో వ్యాధి కనబడినప్పుడు ఊరివారందఱు వైద్యుని యొద్దకు పరుగెత్తుదురు. వ్యాధి తొలగినంతనే మఱచిపోవుదురు. ధనికులు డబ్బిచ్చి తమ బిడ్డలకు ముందుగానే వేయించుకొందురు. పేదల బిడ్డలకు వేసెడివారుండరు. జెన్నరు దీనిని అంగీకరింపలేదు. వ్యాధి యేయింట దూరునో ముందుగా నెవరికిని తెలియదు గావున, వీరు వారనక బిడ్డలందఱికి వేయవలెనని తలంచెను; ఈ టీకావలన నీ వ్యాధి భూమిమీద లేకుండపోవునని 1801లోనే వ్రాసెను. వ్రాసి యూరకుండలేదు. తన తోటలో కొయ్యబెరళ్లతో కట్టిన చిన్న గుడిసె నొకటి ఇందుకై ప్రత్యేకించి, అచ్చటికి వచ్చిన పేదలకు ఉచితముగా టీకాలు వేయుచుండెను. దానికి ఆయన పెట్టిన ముద్దుపేరు టీకాదేవి గుడి.

ఆవుపొక్కు ఎల్లయెడల దొరకదు. రసి ఎండిన బలము చెడును. కావున ఒక బిడ్డకు వేసి, ఎనిమిది తొమ్మిది దినములకు పొక్కు పండగానే దానినుండి మఱియొక బిడ్డకు వేయుచు, చేతినుండి చేతికి అందించుకొనుచు పోయెడివారు. 1803లో స్పెయిను రాజు పంపిన బాల్మిసు అను వైద్యుడు 22 మంది అనాథబాలురను ఓడనెక్కించి, ఇద్దఱిద్దఱికి వరుసగా వేయుచు అట్లాంటికు సముద్రమును దాటించి, టీకాను అమెరికా ఖండమునకు చేర్చెను. మన దేశమునకది బస్రా మీదుగా వచ్చినది. 1802వ సంవత్సరము జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్థాలు అను మూడేండ్ల పిల్లకు మొదటిసారి ఫలించెను. ఆ పిల్ల చేతినుండి తీసిన రసియే క్రమముగా మద్రాసు మొదలగు చోట్లకు పోయినది. ఆవు సంబంధమగుటచే హిందువులు సులభముగా నంగీకరింతురని దొరలు తలంచిరి. మనవారికి ఆవుతో పేచీ లేదు. ఏ కులమువాని చేతినుండియో తీసిన రసిని తమ బిడ్డ చేతిలో పెట్టుటయే గిట్టలేదు. ఐనను కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములనుండి జెన్నరునకు చందాలు పోయినవి.

పార్లమెంటువారు ఆయనకు 1802లో 10,000 పౌనులును, 1807లో 20,000 పౌనులును ఇచ్చిరి. లండనులో ఇల్లు తీసికొని ఖర్చునకు తాళలేక తిరిగివచ్చెను. నెపోలియను తన దేశముతో యుద్ధము చేయుచుండియు, జెన్నరు కోరగా కొందఱు ఇంగ్లీషు ఖైదీలను విడిచిపెట్టెను. ఒకసారి వేసిన టీకా జీవితాంతము కాపాడునని జెన్నరు పట్టుపట్టెను, అది పొరపాటు. కొన్ని యేండ్లకు మరల వేయవలసియుండును. లోపము చూపినవారిపై ఆయన కోపగించుచుండెనని మేము చదివితిమి. ఆయన జీవితాంతము దుఃఖముతోనే గడచెను. పెద్దకుమారుడు 1810లోను, భార్య క్యాథెరీను 1815లోను క్షయవ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధికి ఆయనయొద్ద టీకా లేదు. 1823వ సంవత్సరము జనవరి 26వ తేదీన జెన్నరు పక్షవాతముచే బెర్క్లీలోనే గతించెను. తండ్రి గురువుగా నుండిన దేవాలయముననే సమాధిచేసిరి. ఆ శవము వెంట నడచినవారిలో జేమ్సు ఫిప్పు ఒకడు.

ఆయన కోరిన సార్వజనిక టీకా 1853లో ఇంగ్లండున చట్టమాయెను. అదే సంవత్సరమున ఫిప్పు మరణించెను. పుట్టిన మూడు నెలలలో ప్రతి బిడ్డకు టీకా వేయింపవలెను, లేనిచో జుల్మానా. పేదలు కూలి మానుకొని బిడ్డనెత్తుకొని పోవుట, జుల్మానా కట్టలేక సామాను పోగొట్టుకొనుట వారికి కోపము పుట్టించెను. లీస్టరు నగరవాసులు 1885లో వేలకొలది యూరేగి ఆ చట్టమునెదిరించిరి. టీకాకు బదులుగా రోగిని వెంటనే కనిపెట్టి వేఱుచేయు పద్ధతిని వారు పాటించిరి. కొంతవఱకు జయించిరి గూడ. కాని జెన్నరు సొంత మండలమైన గ్లాస్టరులో టీకాలు సడలగా, 1896లో మశూచికము వచ్చి నాలుగువందలకు పైగా జనులను బలిగొనెను.

చేతినుండి చేతికి పోవు పద్ధతిలో మఱియొక కీడు గలదు. 1883లో జర్మనీలోని బ్రెమెను నగరమున ఓడల కర్మాగారపు పనివారు 1,289 మందికి మనుష్యులనుండి తీసిన రసితో మశూచికపు టీకాలు వేసిరి. కొన్ని వారములు మొదలు కొన్ని నెలలవఱకు వారిలో 191 మందికి కామెర్లు వచ్చెను. నేటి పండితులు దీనిని హెపటైటిస్ బి యని భావించుచున్నారు. ఒకరి రక్తములో నుండి మఱియొకరి రక్తమునకు పోవు ఆ వైరసును 1960 తరువాతగాని గుర్తింపలేదు. జెన్నరు ఒక వ్యాధికి వేసిన బాటలో మఱియొక వ్యాధి యెవరికిని తెలియక నడచినదన్నమాట! ఇంగ్లండున ఆ పద్ధతిని 1898లో నిషేధించిరి.

మశూచికము కడపట నెట్లు పోయినదో చెప్పవలసియున్నది. మన దేశమున 1962లో అందఱికి టీకాలు వేయు ఉద్యమము ప్రారంభమై, కోట్లకొలది టీకాలు వేసినను వ్యాధి తెగలేదు. ఇంతలో 1966లో నైజీరియా దేశమున, టీకామందు చాలక, విలియము ఫేగీ యను వైద్యుడు రోగి యెక్కడనున్నాడో వెదకి అతని చుట్టునున్నవారికి మాత్రము వేయగా వ్యాధి ఆగిపోయెను. ఆ పద్ధతినే మన దేశమునను పాటించిరి. వ్యాధి సోకిన శిశువు బొమ్మను చేతబట్టుకొని ఉద్యోగులు ఇల్లిల్లు తిరిగి, ఇట్టి రోగిని చూచితిరా యని యడుగుచుండిరి. 1974లో బీహారున ఘోరముగా ప్రబలిన వ్యాధి 1975లో దేశమునుండియే తొలగెను. 1977లో సోమాలియాలో సహజముగా వ్యాధి సోకిన కడపటి రోగి. 1980 మే 8వ తేదీన లోకమునకే విముక్తి. మఱి జెన్నరు పొరబడెనా? అందఱికి వేసిన టీకాలచే పలుచబడిన వ్యాధినే కొందఱికి వేసిన టీకాలు తుదముట్టించినవని మేము తలంతుము. అంతేగాక మశూచికము ముఖముమీద కనబడు వ్యాధి. బొమ్మ చూపినచో పల్లెబాలుడును రోగి యిల్లు చూపగలడు.

హెపటైటిస్ బి యట్లుగాదు. పైకి ఆరోగ్యవంతురాలైన తల్లి కాన్పులో తన బిడ్డకు దానినిచ్చును, ఆమెకే తెలియదు. పెద్దలకు సోకినచో నూటికి అయిదుగురిలోపే అది నిలిచిపోవును. పుట్టగానే సోకిన పదుగురు శిశువులలో తొమ్మండ్రకు నిలిచిపోయి, పెద్దయైన పిమ్మట కాలేయమును చెఱచును. అమెరికాలో 1982 మొదలు అపాయస్థితిలోనున్నవారికి మాత్రము ఈ టీకా వేయ జూచిరి. అట్టివారిని వెదకి పట్టుట సాధ్యము గాక, 1991లో శిశువులందఱికి వేయ నిశ్చయించిరి. తైవానులో 1984లో వైరసుగల తల్లుల బిడ్డలకు మొదలుపెట్టి, 1986లో బిడ్డలందఱికి విస్తరించిరి. తరువాత అచ్చటి పిల్లలలో కాలేయపు క్యాన్సరు తగ్గినది. మన దేశమున ఈ మందు విదేశములనుండి వచ్చినన్నాళ్లు సామాన్యులకందని వెలయుండెను. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్సువారు ఇచ్చటనే తయారుచేయగా వెల దిగెను. ప్రతి గర్భిణికి రక్తపరీక్ష చేయుట సాగని దేశమున తల్లులను ఏఱుట కన్న బిడ్డలందఱికి వేయుటయే సులువు. 2002 మొదలు కొన్నిచోట్ల వేసి చూచి, 2011 నాటికి దేశమంతట వ్యాపింపజేసిరి.

జెన్నరు పుట్టిన దేశము మాత్రము తల్లులను పరీక్షించి, వైరసుగలవారి బిడ్డలకే వేయు పద్ధతిని చాలకాలము విడువలేదు. అచ్చట ఈ వ్యాధి తక్కువ. గర్భిణులందఱికి పరీక్ష జరుగును. ఖర్చు ఏలయని వారి వాదము. అది బొత్తిగా త్రోసివేయదగిన వాదము కాదు. కడకు 2017 ఆగస్టు 1వ తేదీ మొదలు పుట్టిన ప్రతి శిశువునకు, ఆఱు వ్యాధుల కొక్కటే సూదిగా, ఈ టీకాయు చేరెను. బెర్క్లీలో జెన్నరు కాపురమున్న యిల్లు నేడు ప్రదర్శనశాల. పేదబిడ్డలకు టీకాలు వేసిన గుడిసె ఆ తోటలో నింకను నిలిచియున్నది.